ఆవిరి గొట్టం మీది పిండికట్టు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తగా పరిచయమైన వాళ్ళకు ముందే చెప్పి పెడుతుంది. మిగిలిన సగాన్ని కూడా వడకట్టుకోమంటుంది. కాబట్టి పురానాపూల్ దగ్గర మేము పనిచేసే లాండ్రీలో బాయిలర్ ఈల వేస్తే వంతెన మీద నడిచే బర్రెలన్నీ ఆగి, తోకలెత్తి సలాం కొట్టేవని నేనంటే మీరు నమ్మనక్కర్లేదు. ఒకే ఒక్క బర్రె ఆగేది. అది కూడా ముసలితనం వల్ల.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. ఉంటే నాకే బాగుండేది.

మాది ఆవిరితో నడిచే లాండ్రీ. ఆసుపత్రుల పక్కగుడ్డలు, హోటళ్ళ దుప్పట్లు, ఫంక్షన్ హాళ్ళ బల్లగుడ్డలు మూటలు మూటలుగా వస్తాయి. నేను సూపర్‌వైజర్ని. అంటే దుప్పటి మీద మరక మిగిలితే తిట్లు తినడానికి జీతం తీసుకునేవాణ్ణి. మా ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. పొడవాటి హాలుకు ఒక చివర బాయిలర్, ఇంకో చివర ఇస్త్రీ యంత్రాలు. రెండింటినీ కలుపుతూ ఆడవాళ్ళ నెత్తిమీదుగా లావుపాటి ఆవిరి గొట్టం పోతుంది. దాని చుట్టూ తెల్లగా, మందంగా ఒక కట్టు ఉండేది. వేడి బయటికి పోకుండా ఎవరో ఎప్పుడో కట్టించారు. లాండ్రీ నడిపే సేటు ఉన్నాడే, ఆయన తండ్రి ఈ చోటు కిరాయికి తీసుకునేనాటికే అది ఉందట. చెయ్యి విరిగితే వేసే పిండికట్టులా ఉండేది కాబట్టి మేమంతా దాన్ని పిండికట్టు అనేవాళ్ళం. అక్కడక్కడ పగిలి, పెచ్చులు లేచి, లోపలి పీచు కనపడేది.

ఆ పిండికట్టు మా అందరికీ ఇష్టమైన వస్తువు. పొద్దున వచ్చీ రాగానే టిఫిన్ డబ్బాలు దాని మీద పెడితే మధ్యాహ్నం దాకా అన్నం వెచ్చగా ఉండేది. ఎవరి చోటు వాళ్ళది. గొట్టం వంపు తిరిగే చోటు పెద్దమ్మది. పనిలో అందరికన్నా పాత మనిషి ఆమె. మా అందరికీ పెద్దమ్మే. అక్కడ ఇంకెవరైనా డబ్బా పెడితే, వాళ్ళ మూడు తరాలనూ పిలిచి మరీ తిట్టేది.

ఇబ్బందల్లా పొడితోనే. యంత్రాల్లోకి ఆవిరి ఒక్క ఊపున వచ్చినప్పుడు గొట్టం వణికేది. వణికినప్పుడల్లా పిండికట్టు నుంచి తెల్లటి పొడి ఇస్త్రీ చేసిన దుప్పట్ల మీద రాలేది. అందుకే మా లాండ్రీలో ఒక పద్ధతి. ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటి చెరో కొస పట్టుకుని, ఫట్‌మని దులిపి, ఆ తర్వాతే మడత పెట్టాలి. ఆ విద్యలో మా ఆవిడను మించినవాళ్ళు లేరు. ఆమె దులిపితే ఆ చప్పుడు పత్తర్‌గట్టి దాకా వినపడేదని, అక్కడి గాజుల దుకాణాల వాళ్ళు దాన్ని బట్టి గడియారాలు సరిచేసుకునేవాళ్ళని నేను చెబుతుంటాను. దులిపినప్పుడు కిటికీలోంచి పడే ఎండలో ఆ పొడి చాలాసేపు తేలుతూ ఉండేది. మెరిసేది కూడా. అందంగా ఉందని ఎన్నిసార్లు నిలబడి చూశానో.

వానాకాలంలో ఫ్యాక్టరీల తనిఖీ అధికారి వచ్చాడు. బాయిలర్ కాగితాలు చూసి, చాయ్ తాగి వెళ్ళిపోతాడనుకున్నాం. ఆయన ఇస్త్రీ బల్ల దగ్గర ఆగి తల పైకెత్తాడు.

"దాని మీద ఏముంది?"

"పెద్దమ్మ డబ్బా సార్. ఇయ్యాల గోంగూర అనుకుంట."

"డబ్బా కింద?"

"పిండికట్టు సార్."

ఆయన నవ్వలేదు. నా మాటకు నవ్వని మనిషిని చూస్తే నాకు మొదటి నుంచీ భయమే.

"ఆస్బెస్టాస్‌లాగా ఉంది. పరీక్షలో కాదని తేలేదాకా అదేననుకుని మసలుకోవాలి," అని ఆయన సేటును పిలిపించాడు. నేను పక్కనే నిలబడి విన్నాను. ఇలాంటిది భవనంలో ఎక్కడెక్కడ ఉందో వెతికి తెలుసుకోవడం పని నడిపించేవాడి బాధ్యత అన్నాడు. ఎంత పాడైందో చూసి రాసి పెట్టాలట. గుర్తు పెట్టాలట. దాని కింద పనిచేసేవాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పాలట. గీకకూడదు, మేకు కొట్టకూడదు, పొడి చీపురు తగలనివ్వకూడదు. తీయించాలంటే ఆ పని నేర్చినవాళ్ళే రావాలి. తడిపి తీసి, సంచుల్లో మూసి తీసుకుపోవాలి. ఇన్నేళ్ళూ దాన్ని పీల్చినవాళ్ళకు ఛాతీ పరీక్షలు చేయించాలి.

సేటు చేతులు జోడించాడు. "సార్, కిరాయి బిల్డింగ్ సార్. ఓనర్‌ని అడగండి."

"ఆయన్నీ అడుగుతాం. కానీ ఇక్కడ మనుషుల్ని పనిలో పెట్టుకున్నది మీరు."

ఆయన జీపు ఎక్కబోతుంటే నేను వెనకాలే పరుగెత్తాను. "సార్, మా ఆడామె గా పైపు కిందనే నిలబడ్తది. ఎంత పీలిస్తే ప్రమాదం?"

"ఇంత అని చెప్పలేం."

"ఎప్పుడు తెలుస్తది సార్?"

"తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టొచ్చు. ఏమీ కాకపోనూ వచ్చు. ముందు ఇకపై పీల్చకుండా చూడు." తన నంబరు నాకిచ్చి వెళ్ళిపోయాడు.

అవునో కాదో తేలని మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి నేను. అలాంటి మాట నా చేతికే వచ్చి పడేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిరిగి లోపలికి వచ్చేసరికి మా ఆవిడ దుప్పటి దులుపుతోంది. ఫట్. ఎండలో పొడి మెరుస్తోంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు సేటుకూ ఇంటి యజమానికీ ఫోన్లో గొడవ. గోడలు నావి, గొట్టాలు నీవి అంటాడు యజమాని. గొట్టం నీ గోడకే కదా వేలాడుతున్నది అంటాడు సేటు. ఆ పిండికట్టు ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చివరికి నా నెత్తిన పడింది.

"సూపర్‌వైజర్‌వి నువ్వే కదా భాయ్, ఇగ నీదే జిమ్మేదారి," అని సేటు నాకొక బోర్డు ఇచ్చాడు. దాని మీద అంతా ఇంగ్లీషు, కింద పుర్రె బొమ్మ. స్తంభానికి కట్టాను. మర్నాడు పెద్దమ్మ దానికి తన గొడుగు తగిలించింది.

ఇంట్లో, పనిలో, దారిలో, ఎక్కడ వీలైతే అక్కడ మా ఆవిడకు చెప్పి చూశాను.

"గా తెల్ల పొడి పీల్చొద్దు. ముండ్ల లెక్క ఊపిరితిత్తుల్ల గుచ్చుకుంటదట."

"పోయినేడు మూసీలకెల్లి మొసలి వచ్చి బాయిలర్ కింద గుడ్లు పెట్టిందన్నవ్," అంది ఆమె.

"అది వేరే ముచ్చట."

"గుడ్లు పొదిగిందా మరి?"

ఇస్త్రీ బల్ల దగ్గర ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నిజాన్ని చెప్పాల్సిన పద్ధతిలో చెప్పడం నాకు అలవాటు లేదు. చెబుతుంటే నా గొంతే నాకు కొత్తగా ఉండేది.

అప్పుడు నాకు చేతనైన పనే చేశాను. ఒకరోజు చాయ్ వేళ, అందరూ ఉండగా, మెల్లగా మొదలుపెట్టాను. ఈ లాండ్రీలో పూర్వం ఒక బాయిలర్ తాత ఉండేవాడని. బాయిలర్‌ను కన్నబిడ్డలా చూసుకునేవాడని. పోయే ముందు తన తలకు చుట్టుకునే పగిడీ విప్పి గొట్టానికి చుట్టమన్నాడని. మనం పిండికట్టు అంటున్నది ఆ పగిడీయేనని. తాత వెచ్చగా దాంట్లోనే పడుకుని ఉన్నాడని. దాన్ని గోకినా, దాని మీద డబ్బా మోపినా ఆయన నిద్ర చెడుతుందని. నిద్ర చెడితే ఏం చేస్తాడో మాత్రం చెప్పలేదు. కథలో అక్కడే ఆపాలి, అది అనుభవం.

మా ఆవిడ నా ముఖం చూడకుండా చెవుల వైపు చూసింది. నేను అబద్ధమాడితే నా చెవులు ఎర్రబడతాయని ఆమె నమ్మకం.

మర్నాడు పిండికట్టు మీద ఒక్క డబ్బా లేదు. పెద్దమ్మ చల్లటి అన్నం తింటూ గొణిగింది గానీ వంపు వైపు చెయ్యి చాచలేదు. అధికారి చెప్పినా, బోర్డు కట్టినా కాని పనిని, లేనే లేని తాత చేసిపెట్టాడు. ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

సంగతి సేటు చెవిన పడింది. ఆయన నా భుజం చరిచి నవ్వాడు. "క్యా దిమాగ్ హై భాయ్! ఇగ దాన్ని ఎవ్వడు ముట్టడు. టెస్టు గిస్టు దసరా అయినంక చూద్దాం."

"సేటు, పొడి రాలుతనే ఉన్నది గద?"

"తాత చూసుకుంటడు లే."

అప్పుడు తల పైకెత్తి గొట్టం వైపు చూశాను. డబ్బాలు పోయాయి గానీ ఆవిరి వచ్చినప్పుడల్లా గొట్టం వణుకుతూనే ఉంది. దుప్పట్లు దులుపుతూనే ఉన్నారు. సేటు చేయాల్సిన పని మొత్తాన్నీ నా కథ ఎత్తుకుని ఒక మూల కూర్చోబెట్టింది. మా ఆవిడ పొద్దున ముఖం కడుక్కుంటూ దగ్గితే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. లెక్కపెట్టకూడదని చెవులు మూసుకుంటే ఇంకా ఎక్కువ వినపడేది.

దసరా వచ్చింది. ఆయుధ పూజకు ముందు మా దగ్గర పని ఆపి అన్నీ కడుగుతారు. యంత్రాలను రుద్ది, తుప్పు గీకి, గొట్టాలకు జాజు పూసి బొట్లు పెడతారు. జాజు అంటే గడపలకు, అరుగులకు పూసే ఎర్రమట్టి. మాసిన దాని మీద అది అంటదు; ముందు బాగా గీకాలి. ఎవరి యంత్రం ఎక్కువ మెరిస్తే వాళ్ళకు ఆ ఏడాదంతా గొప్ప. యంత్రాలకు కప్పడానికి కొత్త గుడ్డ తెమ్మని సేటు నన్ను పత్తర్‌గట్టికి పంపాడు. పండుగ రద్దీలో మనుషుల్ని తోసుకుంటూ గుడ్డ తెచ్చాను. దుకాణంలో ఎవరో గుడ్డ తాను విప్పి దులిపితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాను. ఆ రోజుల్లో అలా ఉండేవాణ్ణి.

తిరిగి వచ్చి తలుపు తోస్తే లోపల చప్పుడు. గర్ర్, గర్ర్.

మా ఆవిడ ఇస్త్రీ బల్ల ఎక్కి నిలబడింది. కొంగు నడుముకు చుట్టుకుంది. చేతిలో ఇనుప తీగల బ్రష్షు. పిండికట్టును గీకుతోంది. కింద పెద్దమ్మ జాజు కలిపిన బేసిన్ పట్టుకుని నిలబడింది. వంపు దగ్గర నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి, తీగను కట్టులోకి పొడిచి మరీ బిగించారు. మా ఆవిడ జుట్టంతా తెల్లగా ఉంది. వయసు ఒక్క పూటలో మీద పడ్డట్టు ఉంది.

"వచ్చినవా?" అంది నవ్వుతూ. "తాత పగిడీ మస్తు మాసింది. మంచిగ గీకి జాజు పూస్తున్నం. కొబ్బరికాయ గూడ కొడ్తం. ఇన్నొద్దులు డబ్బాలు మోపినమని కోపానికి రావద్దు గద."

గుడ్డల మూట నా చేతుల్లోంచి జారిపోయింది.

"దిగు."

"ఏందయ్యా లొల్లి? ఇంక వంపు మిగిలింది."

"బ్రష్షు ఆడనే పెట్టి మెల్లగ దిగు."

నా గొంతు విని ఆమె దిగింది. దిగి, అలవాటు కొద్దీ, చీరకు అంటిన పొడి చూసుకుని రెండు చేతులా కొంగు పట్టుకుంది. ఆ పట్టు నాకు తెలుసు. దుప్పటి కొస పట్టుకునే పట్టు అది.

"దులపకు!"

అంత గట్టిగా నేను జీవితంలో అరవలేదు. ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి. నానబెట్టిన దుప్పట్ల తొట్టి పక్కనే ఉంది. నీళ్ళు ఓడుతున్న ఒక దుప్పటి లాగి ఆమెకు నెత్తి నుంచి కాళ్ళ దాకా చుట్టాను. ఇంకోటి పెద్దమ్మ మీద వేశాను. జాజు బేసిన్ బోర్లాపడి నేలంతా ఎర్రగా పారింది.

"పిచ్చి లేసిందా ఈయనకు?" అంది పెద్దమ్మ దుప్పట్లోంచి.

"తాత లేడు," అన్నాను. "పగిడీ లేదు. నేనే పుట్టిచ్చిన. మీరు డబ్బాలు తీస్తరని చెప్పిన. గా సార్ చెప్పిందే నిజం. గది గీకితే లేసే పొడి పాణం తీస్తది."

మా ఆవిడ తడి దుప్పట్లోంచి ముఖం బయటపెట్టి నా చెవుల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"తెల్లగున్నయ్," అంది మెల్లగా.

తర్వాత ఆమే అడిగింది. "మరి ఇన్నేండ్ల సంది దులిపిన దుప్పట్లు?"

ఎంత అబద్ధమైనా అడగ్గానే అల్లేవాణ్ణి. ఆ పూట తలుపు తెరిచి పట్టుకున్నాను.

వాళ్ళిద్దరినీ బయటి కుళాయి కింద కూర్చోబెట్టి, బట్టల మీదుగానే నీళ్ళు పోశాను. నేలను ఊడవనివ్వలేదు. తలుపుకు తాళం వేసి అధికారికి ఫోన్ చేశాను. ఎవరూ లోపలికి పోకండి, వస్తున్నాను అన్నాడు. అంతలో సేటు వచ్చాడు. తెల్లటి కొత్త కుర్తా, చేతిలో పూజ పళ్ళెం. మిగతా ఆడవాళ్ళు కూడా బంతిపూల దండలతో వచ్చి వాకిట్లో గుమిగూడారు.

"తాళం దియ్యి భాయ్, టైమ్ అయితున్నది."

మా ఆవిడ నీళ్ళు కారుతున్న జుట్టుతో తలుపుకు అడ్డంగా నిలబడింది. "లోపలికి ఎవ్వరు పోరు సేటు."

"ఏమైందమ్మా?"

"పైపు మీదిది మొత్తం తీపియ్యాలె. మా అందరికి డాక్టర్ పరీక్షలు చేపియ్యాలె. సార్ గప్పుడే చెప్పిండట గద నీకు."

"అరే, కిరాయి బిల్డింగ్ అమ్మా ఇది. ఓనర్..."

"బిల్డింగ్ ఎవలదైతే మాకేంది? పొద్దుగాల తాళం ఎవలు తీపిస్తరు? ఆవిరి బంద్ జెయ్యమని ఎవలు చెప్తే బంద్ అయితది? మమ్ముల ఆ పైపు కింద నిలబడుమన్నది ఎవలు? ఓనరా?"

అధికారి వానాకాలంలో చెప్పిన మాటే అది. ఆమె అది వినలేదు.

సేటు నా వైపు తిరిగాడు. "చెప్పు భాయ్, రేపు హాస్పిటల్ షీట్లు..."

పెద్దమ్మ అందుకుంది. "పండుగ పూట నిన్నేం అనం బిడ్డా. తాళం తీపిస్తం. నువ్వు పోయి ఒక్కటంటె ఒక్క షీటు దులిపి రా. మేం గీడ్నే నిలబడి చూస్తం."

సేటు కిటికీ వైపు చూశాడు. లోపల ఎండ పడుతున్న చోట పొడి ఇంకా తేలుతోంది. ఆయన తన కుర్తా ముందు భాగాన్ని చేత్తో తడిమి చూసుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, పళ్ళెం మెట్టు మీద పెట్టాడు. ఆ ఏడాది మా కొబ్బరికాయ గేటు బయటే కొట్టారు. గుమ్మడికాయ కూడా అక్కడే.

అధికారి వచ్చి చోటు మూయించాడు. యజమానినీ పిలిపించి, సేటు పక్కన నిలబెట్టి ఇద్దరికీ కలిపి చెప్పాడు. పరీక్షలో అది ఆస్బెస్టాసేనని తేలింది. తర్వాత ఆ పని నేర్చినవాళ్ళు వచ్చారు. ఒంటి నిండా తెల్ల తొడుగులు, ముఖాలకు గట్టి మాస్కులు. హాలును ప్లాస్టిక్‌తో మూసి, పిండికట్టును తడుపుతూ తీసి, సంచుల్లో వేసి, మీద ఇంకో సంచి తొడిగి, గుర్తులు అంటించి తీసుకుపోయారు. మేము రోడ్డుకు అవతలి పక్క నిలబడి చూశాం. వాళ్ళు ఊపిరి కోసం అన్నేసి తొడుక్కుని ముట్టుకునే దాని మీద మేము గోంగూర పెట్టుకున్నాం.

అందరికీ ఎక్స్‌రేలు తీశారు, ఊపిరి బలం తెలియడానికి యంత్రంలోకి ఊదించి చూశారు. నాకూ తీశారు. నా వంతు గురించి నాకు ఏమీ గుర్తు లేదు. మా ఆవిడ ఎక్స్‌రేను డాక్టరు వెలుతురుకు పెట్టి చూసిన తీరు మాత్రం గుర్తుంది. నేను ఆయన కనుబొమ్మల్నే చూస్తున్నాను.

"ఇప్పటికైతే ఏమీ కనిపించడం లేదు. ప్రతి ఏడాదీ వచ్చి చూపించుకోవాలి," అన్నాడాయన.

బయటికి వస్తూ మా ఆవిడ అంది, "ఏం లేదన్నడు గద. ముఖం గట్ల పెట్టినవేంది?"

ఇప్పటికైతే అన్నాడు. ఆ మాట ఆమెకు వినపడలేదో, వినపడనట్టు ఉందో నేను అడగలేదు.

ఇప్పుడు మా గొట్టానికి వెండి రంగు కొత్త కట్టు ఉంది. ఆస్బెస్టాస్ లేనిది. సేటు దాని కాగితం తెచ్చి అందరికీ తెలుగులో చదివించాడు. దుప్పట్ల మీద ఏమీ రాలదు. దులపాల్సిన పని లేదు. మొదట్లో ఆడవాళ్ళు కొసలు పట్టుకుని, చేతులు పైకెత్తి, గుర్తొచ్చి దించేవాళ్ళు. పెద్దమ్మ డబ్బా మాత్రం మళ్ళీ పైకెక్కలేదు. "తాత యాడికి పోయిండో," అంటుంది అప్పుడప్పుడు నన్ను ఉడికించడానికి. పింఛను తీసుకుని కంచన్‌బాగ్‌లో కూతురింట్లో ఉంటున్నాడని చెబుతాను.

మొన్న ఆదివారం నేను గుమ్మంలో కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ దగ్గు. ఒకటి. కాసేపాగి ఇంకోటి. తర్వాత ఆగకుండా.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. మిరపకాయలు మాడినయ్."

ఆమె మాట నమ్మి కూర్చోవచ్చు. నాలాగా అబద్ధాలాడే మనిషి కాదు. అయినా చెప్పు కింద పెట్టి లేచి వెళ్ళాను. మూకుడులో ఎండుమిరపకాయలు నిజంగానే నల్లగా మాడి ఉన్నాయి. ఘాటుకు నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగి, గొంతు పట్టుకుని దగ్గు వచ్చింది. ఇద్దరం చెరో గోడకు ఆనుకుని దగ్గుతూనే ఉన్నాం.

"మూకుట్ల చూడనీకె వచ్చినవ్ గద?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"నీళ్ళు తాగుదామని వచ్చిన," అన్నాను.

ఆమె నా చెవుల వైపు చూసి, కిటికీ తెరిచి, పొయ్యి ఆర్పేసింది.